మైఎస్‌క్యూఎల్‌లో గ్రంథాలయం డేటాబేస్ తయారు చేయడం ఎలా?

మైఎస్‌క్యూఎల్ అంటే సమాచారాన్ని పట్టికలుగా (టేబుళ్లుగా) దాచే సాఫ్ట్‌వేర్. పుస్తకాలు, సభ్యులు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారు అనే వివరాలన్నీ ఒకే పట్టికలో రాస్తే, ఒక సభ్యుడి ఫోన్ నంబరు మారినా చాలా చోట్ల దిద్దాలి. అందుకే మూడు టేబుళ్లుగా విడదీసి, వాటి మధ్య లంకె వేస్తాం. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతికి ఇదే ఆధారం. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేసి, ప్రతిదాని చివరా సెమీకోలన్ పెట్టాలి.

1. ముందు "క్రియేట్ డేటాబేస్ గ్రంథాలయం", ఆ వెంటనే "యూజ్ గ్రంథాలయం". 8వ వెర్షన్ నుంచి యూటీఎఫ్8ఎంబీ4 (తెలుగుతో సహా అన్ని భాషల లిపులనూ దాచగల పద్ధతి) డిఫాల్టుగా ఉంటుంది కాబట్టి తెలుగు పేర్లు నిశ్చింతగా ఎక్కించవచ్చు.

2. "క్రియేట్ టేబుల్ సభ్యులు" అని రాసి, బ్రాకెట్లలో కాలమ్‌లు ఇవ్వండి: "ఐడీ ఇంట్ ఆటో_ఇంక్రిమెంట్ ప్రైమరీ కీ, పేరు వార్‌చార్(100), ఫోన్ వార్‌చార్(15)". ఇక్కడ ఇంట్ అంటే పూర్ణ సంఖ్య, వార్‌చార్ అంటే అక్షరాలు (బ్రాకెట్లో ఉన్నది గరిష్ఠ పొడవు), ఆటో_ఇంక్రిమెంట్ అంటే సంఖ్య దానంతటదే పెరగడం, ప్రైమరీ కీ అంటే ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్. ఫోన్‌కు ఇంట్ పెట్టకండి. మామూలు ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 214,74,83,647. 9తో మొదలయ్యే మొబైల్ నంబరు అందులో పట్టదు. పుస్తకాల టేబుల్ కూడా ఇలాగే.

3. అరువుల టేబుల్‌లో సభ్యుడి ఐడీ, పుస్తకం ఐడీ, తీసుకున్న తేదీ ఉండాలి. లంకె కోసం కాలమ్‌ల తర్వాత విడిగా "ఫారిన్ కీ (సభ్యుడి_ఐడీ) రెఫరెన్సెస్ సభ్యులు(ఐడీ)" అని రాయండి. పుస్తకానికీ అలాంటి లైనే ఇంకొకటి. ఇక పేరు మీద అరువు ఉన్న సభ్యుణ్ణి పొరపాటున తీసేయబోయినా మైఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు. కొత్తవాళ్లు చాలామంది వదిలేసేది ఈ లైన్లనే. దయచేసి వదలకండి.

4. వివరాలు చేర్చడానికి "ఇన్‌సర్ట్ ఇంటూ", చూడటానికి "సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ సభ్యులు". స్టార్ చోట నక్షత్రం గుర్తు కొట్టాలి.

5. మార్చడానికి "అప్‌డేట్", తీసేయడానికి "డిలీట్". అసలు ప్రమాదమంతా ఇక్కడే. ఏ వరుసలో చెప్పే "వేర్" షరతు లేకుండా "డిలీట్ ఫ్రమ్ అరువులు" అని ఎంటర్ కొడితే టేబుల్ మొత్తం ఖాళీ అవుతుంది. అందుకని అదే షరతుతో ముందు సెలెక్ట్ నడిపి, ఏయే వరుసలు వస్తున్నాయో కళ్లారా చూడండి. ఆ తర్వాత "స్టార్ట్ ట్రాన్సాక్షన్" కొట్టి, డిలీట్ చేయండి. ఎన్ని వరుసలు పోయాయో తెరమీద కనిపిస్తుంది. లెక్క సరిపోతే "కమిట్" (మార్పును ఖాయం చేయడం), తేడా వస్తే "రోల్‌బ్యాక్" (వెనక్కి తీసుకోవడం). అయితే టేబుల్‌నే పూర్తిగా తీసేసే "డ్రాప్ టేబుల్"కు ఈ రక్షణ వర్తించదు. ఆ కమాండ్ ట్రాన్సాక్షన్‌ను తనంతట తానే కమిట్ చేసేస్తుంది, పోయిన టేబుల్ రోల్‌బ్యాక్‌తో తిరిగి రాదు.

6. కాబట్టి డ్రాప్ జోలికి వెళ్లే ముందు "మైఎస్‌క్యూఎల్‌డంప్"తో బ్యాకప్ తీసుకోండి. దీన్ని మైఎస్‌క్యూఎల్ ప్రాంప్ట్‌లో కాదు, బయట టెర్మినల్‌లో నడపాలి.