‘మీరు’ ఎక్కడ ‘నువ్వు’ అవుతుంది? నేటి ధోరణులతో తెలుగు ప్రేమ సీరియల్ రాయడం

ఇప్పటి ప్రేమకథల పాఠకులు రచయిత పేరు కన్నా ముందు కథాసూత్రాన్ని చూసి కథను ఎంచుకుంటున్నారు. శత్రువులుగా మొదలై ప్రేమికులు కావడం, ఒప్పందపు పెళ్లి, విడిపోయినవారికి రెండో అవకాశం, నెమ్మదిగా రాజుకునే ప్రేమ వంటి ఈ సూత్రాలను ట్రోపులు అంటున్నారు. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించినా, ఆ యాప్‌లో పుస్తకాల గురించిన వీడియోలతో పెరిగిన ‘బుక్‌టాక్’ అభిరుచి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మీదుగా మన పాఠకులకూ అంటుకుంది. ప్రతిలిపి వంటి యాప్‌లలో సీరియల్ మొదలుపెట్టదలచినవారు ఈ సూత్రాలను వాడుకోవచ్చు, కానీ అరువు తెచ్చుకున్న సూత్రానికి కారణాన్ని మాత్రం మన మనుషుల బతుకులోనే వెతకాలి.

ఒప్పందపు పెళ్లినే తీసుకుందాం. కోటీశ్వరుడైన సీఈఓ, అతని ఆఫీసులో ఉద్యోగిని, ఏడాది గడువుతో కాగితం మీద పెళ్లి అనే సరుకు ఇప్పటికే గుట్టలుగా ఉంది. (డబ్బున్న యజమానీ ఆత్మాభిమానం గల ఉద్యోగినీ మనకు కొత్తవారేమీ కారు, యద్దనపూడి సులోచనారాణి 1960లలోనే వారిని ఇంటింటికీ చేర్చారు.) అందుచేత రాయడానికి కూర్చునే ముందు, ఈ పెళ్లి ఈ నెలలోనే ఎందుకు జరగాలి అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాసుకోండి. డల్లాస్‌లో ఎమ్మెస్ చేసిన కరీంనగర్ అమ్మాయికి చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ కింద దొరికిన మూడేళ్లూ అయిపోవచ్చాయి, ఏటా 85,000 వీసాలకే పరిమితమైన హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీలో ఆమె పేరు రాలేదు, ఇంటి మీద చదువు అప్పు ఉంది. వీసా ఉన్న భీమవరం అబ్బాయి సాయానికి వస్తాడు. వీసా కోసమే పెళ్లి చేసుకోవడం అక్కడ ఐదేళ్ల దాకా జైలు పడగల నేరం కాబట్టి, వాళ్లు ఆ రహస్యాన్ని ఎందుకు దాస్తున్నారో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

నెమ్మదిగా రాజుకునే ప్రేమకు తెలుగులో ఉన్న సదుపాయం ఇంగ్లీషులో లేదు. మనకు ‘మీరు’, ‘నువ్వు’, ‘అండీ’ ఉన్నాయి. వాటిని ఏ భాగంలో మార్చాలో ముందే నిర్ణయించుకోండి. పై కథలో అమ్మాయి మొదటిరోజే ‘నువ్వు’ అంటుంది, ఎందుకంటే తెలంగాణ పల్లెల్లో పెద్దవారిని సైతం అలా పిలవడం సహజం; అబ్బాయి దాన్ని చనువనో పొగరనో అపార్థం చేసుకుంటాడు. అత్తగారు వీడియో కాల్‌లో ఉన్నంతసేపూ ఆమె ‘ఏమండీ’ అంటూ నటిస్తుంది, కాల్ కట్ కాగానే మళ్లీ ‘నువ్వు’లోకి వస్తుంది. ఇరవయ్యో భాగంలో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఏ ఫోన్ కాలూ రానప్పుడు, వంటగదిలోంచి ‘ఏమండీ, స్టవ్ కట్టేశారా?’ అని ఆమె అంటుంది. అతను జవాబివ్వకుండా ఫోన్ వైపు చూస్తాడు. స్క్రీన్ నల్లగా ఉంటుంది. భాగాన్ని అక్కడే ఆపండి. తలుపు చప్పుడుతో ముగించి, వచ్చింది పాలవాడని మరుసటి భాగంలో తేల్చే పద్ధతిని పాఠకులు ఒకసారి క్షమిస్తారేమో గాని, రెండోసారి క్షమించరు.

నాయిక చెంప పగలగొట్టి, ఆ తరువాత ప్రేమించే నాయకుడికి మాత్రం కాలం చెల్లింది. అటువంటి చీకటి ప్రేమకథే రాయదలిస్తే, మొదటి భాగంలోనే హెచ్చరిక పెట్టడం మర్యాద.

ప్రేమనూ మాయాలోకాన్నీ కలిపే రొమాంటసీ ఇటీవల బాగా పెరిగింది. దానికోసం డ్రాగన్లను దిగుమతి చేసుకోవడం నాకు అనవసరంగా తోస్తుంది. ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడు మనకు ఉండనే ఉన్నాడు. ఆ చిలుకను పెంచిన అమ్మాయి అతణ్ణి ప్రేమిస్తే ఏమవుతుందో రాసి చూడండి.

ప్రేమకథ అన్న విభాగంలో పెట్టాక జంటను కలపక తప్పదు, అయితే వారిని కట్టి ఉంచిన అవసరం తీరిపోయిన తరువాతే కలపాలి. మరుసటి మార్చి లాటరీలో అమ్మాయికి సొంతంగా వీసా దక్కనివ్వండి. ఆమె పెట్టె సర్దుకుంటుంది, అతను ఆపడు. ఆ రాత్రి అతను మొదటిసారి ‘తిన్నావా?’ అని అడగాలి. అప్పటిదాకా ఆమెను ‘మీరు’ అనే పిలిచినవాడు.