ముందు చక్రం బేరింగ్ పోయిందని ఎలా తెలుసుకోవాలి, ఎలా మార్చాలి

వేగం యాభై దాటాక కారులో పిండిమర తిరుగుతున్నట్టు మోత మొదలై, వేగంతోపాటే పెరుగుతోందా? ముందుగా అనుమానించాల్సినవి టైర్లు, చక్రాలు తేలిగ్గా తిరిగేందుకు లోపల గోలీలతో ఉండే బేరింగులు. నున్నటి రోడ్డు మీద క్లచ్ తొక్కి చూడండి. ఇంజిన్ చప్పుడు పడిపోయినా మోత అలాగే ఉంటే అది చాలావరకు చక్రాల దగ్గరిదే. సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు రోడ్డు మీద ఇంకోలా వినిపిస్తే టైరు వల్ల కావచ్చు. టైరు మీద అరచేత్తో ముందుకీ వెనక్కీ నిమరండి. ఒకవైపు నిమిరినప్పుడు రంపంలా తగిలితే టైరు ఎగుడుదిగుడుగా అరిగిందన్నమాట. ముందు టైర్లు వెనక్కి మార్చి నడిపితే ఈ సందేహం తీరిపోతుంది.

తర్వాత ఏ వైపుదో తేల్చాలి. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ను కొంచెం ఎడమకు, కొంచెం కుడికి తిప్పండి. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగ్‌ను అనుమానించాలి. దీన్నొక్కదాన్నే నమ్మి సామాను కొనకండి. మోత కారు బాడీ అంతా పాకుతుంది కాబట్టి చెవి తేలిగ్గా మోసపోతుంది.

గట్టి నేల మీద కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. ముందు భాగం జాకీతో లేపాక కింద స్టాండు తప్పనిసరి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు బరువుకు పగులుతాయి, వాటిని నమ్మి కారు కిందకు వెళ్లవద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేతిని సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించండి. బేరింగ్ పాడైతే గరగరమనే అదురు వేళ్లకు తెలుస్తుంది. రెండు వైపులా చూసి పోల్చుకోండి.

ఇప్పుడు చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ఊపండి. ఆట (వదులుగా కదలడం) కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే అది బేరింగ్‌దే. తొక్కినా ఉంటే చక్రాన్ని కింది సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింటు వైపు చూడాలి. 3, 9 దగ్గర పట్టుకున్నప్పుడే ఊగుతుంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ సంగతి చూడండి. ఆట లేదు కదా అని బేరింగ్ బాగుందనుకోవద్దు. మొదట మోతే వస్తుంది, ఆట చివర్లో వస్తుంది. ఆట వచ్చిన కారుతో దూరప్రయాణం వద్దు.

బేరింగ్ ఎందుకు పాడవుతుందంటే, వరద నీటిలో నడిపితే దాని సీలు దాటి నీళ్లు లోపలికి చేరి గ్రీజు పాడవుతుంది. గుంతల్లో పడ్డ దెబ్బకు లోపల గోలీలు దొర్లే బాటలో నొక్కులు పడతాయి. చక్రాలు బయటికి పొడుచుకొచ్చేలా వేసుకున్న అలాయ్‌లు కూడా బేరింగ్ మీద అదనపు భారం మోపుతాయి.

మారుతి స్విఫ్ట్ లాంటి కార్లలో ముందు బేరింగ్‌ను నకిల్‌లోకి (చక్రాన్ని మోసే లోహపు దిమ్మ) ప్రెస్ చేసి (యంత్రంతో నొక్కి) బిగిస్తారు. కొత్త బేరింగ్, కొత్త సర్‌క్లిప్ (బేరింగ్ జారకుండా గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు), కొత్త హబ్ నట్టు (చక్రం బిగించే హబ్‌ను యాక్సిల్‌కు పట్టి ఉంచే పెద్ద నట్టు) తీసుకోండి. ఛాసిస్ నంబరు చెప్పి, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉందో లేదో చెప్పి కొనాలి.

చక్రం నేల మీద ఉండగానే హబ్ నట్టు వదులు చేయండి. అంతకుముందు నట్టు అంచు లోపలికి కొట్టి ఉంటే దాన్ని ఉలితో పైకి లేపాలి. చక్రం విప్పాక బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను తీగతో స్ప్రింగుకు కట్టండి, బ్రేకు గొట్టానికి వేలాడదీస్తే లోపల చీలుతుంది. డిస్కు, ఏబీఎస్ సెన్సార్, టై రాడ్ ఎండ్, బాల్ జాయింటు విడదీయండి. స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసిన భాగం) బోల్టులు విప్పే ముందు నకిల్, స్ట్రట్ కలిసేచోట పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి. యాక్సిల్‌ను నకిల్ నుంచే బయటికి నెట్టాలి. గేర్‌బాక్స్ నుంచి బయటికి లాగితే లోపలి జాయింటు ఊడవచ్చు, ఆయిలూ కారవచ్చు.

అసలు పని ప్రెస్ దగ్గరుంది. ప్రెస్ లేకపోతే నకిల్‌ను లేత్ షాపుకు పట్టుకెళ్లండి, సుత్తితో బేరింగ్ ఎక్కించవద్దు. ముందు హబ్‌ను బయటికి నెట్టాలి. బేరింగ్ లోపలి రింగు ఒకటి సాధారణంగా హబ్‌కే అంటుకుని వస్తుంది, దాన్ని పుల్లర్‌తో తీయాలి. గ్రైండర్‌తో కోయాల్సి వస్తే హబ్ మీద గాటు పడకూడదు, పడితే హబ్ కూడా మార్చాలి. తర్వాత సర్‌క్లిప్ తీసి పాత బేరింగ్ నెట్టి, నకిల్ రంధ్రాన్ని, సర్‌క్లిప్ గాడిని తుప్పు లేకుండా తుడవండి.

కొత్త బేరింగ్‌ను నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. తర్వాత హబ్‌ను ఎక్కించేటప్పుడు కింద లోపలి రింగుకు ఆధారం ఇవ్వాలి. ఇది తారుమారైతే ఆ బలమంతా గోలీల మీదుగా పోయి బాటలో నొక్కులు పడతాయి. పైకి ఏమీ కనిపించదు, కొద్ది రోజులకే మోత మళ్లీ వస్తుంది. షాపులో పక్కన నిలబడి చూడాల్సింది ఈ రెండు నిమిషాలే. ఏబీఎస్ ఉన్న బేరింగ్‌లో అయస్కాంతపు సీలు సెన్సార్ వైపు ఉండాలి. తిరగేసి ఎక్కిస్తే డాష్‌బోర్డులో ఏబీఎస్ దీపం ఆరదు. సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చున్నాకే హబ్ ఎక్కించండి.

అన్నీ తిరిగి అమర్చాక, ఇంకొకరు బ్రేకు తొక్కి ఉంచగా హబ్ నట్టును టార్క్ రెంచ్‌తో బిగించండి. చాలా చిన్న కార్లకు ఇది 200 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, మీ కారు అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. అంచనాతో ఇంపాక్ట్ గన్ వాడకండి. లోపలి రింగులు రెంటినీ దగ్గరగా పట్టి ఉంచేది ఈ నట్టే. అందుకే పూర్తిగా బిగించే దాకా కారు బరువు ఆ చక్రం మీద పెట్టవద్దు, కారును కదపనూ వద్దు. చివర్లో నట్టు అంచును యాక్సిల్ గాడిలోకి కొట్టి, చక్రం బిగించి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. కొత్త బేరింగ్ నెల తిరక్కుండానే మోగితే, మూడో బేరింగ్ కొనే ముందు హబ్ మీద బేరింగ్ కూర్చునే చోటు అరిగిందేమో కొలిపించండి.