యుద్ధకాలపు జీపుకు అసలైన ఎలక్ట్రికల్ సామాను బిగించడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధం కోసం తయారైన విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ జీపులు రెండింటికీ విద్యుత్ వ్యవస్థ ఒక్క తీరులోనే ఉంటుంది: 6 వోల్టుల బ్యాటరీ, నెగటివ్ ఎర్త్ (అంటే బ్యాటరీ నెగటివ్ కొస బండి బాడీకి కలిసి ఉండడం), డైనమోతో ఛార్జింగ్. 1941 నుంచి 1945 వరకు ఈ రెండు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా బండ్లను తయారు చేశాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలినవి సైన్యం నుంచి బయటికి వచ్చి, చేతులు మారుతూ, ఒక్కో షెడ్డులో ఒక్కో మార్పుకు లోనయ్యాయి. అందువల్ల ఇప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో దొరికే బండికి 12 వోల్టుల బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఆ తర్వాతి మహీంద్రా జీపుల మీటర్లు బిగించి ఉండడమే ఎక్కువ. అలాంటి బండిని తొలి రూపానికి తేవాలనుకునేవారు సామాను సంపాదించడానికే శక్తినంతా వెచ్చించి, దాన్ని బిగించే పద్ధతిని తేలిగ్గా తీసుకుంటారు. అసలు సామాను సరిగా పనిచేయదన్న చెడ్డపేరు చాలావరకు అక్కడే పుట్టింది.

మొదట మీ బండి ఎప్పటిదో తేల్చుకోవాలి. ఎంబీలో మొదటి 25,808 బండ్లకు పట్టీలను వెల్డింగు చేసిన గ్రిల్ ఉండేది. ఆ తర్వాతే ఒకే రేకును నొక్కి చేసిన తొమ్మిది గాళ్ల గ్రిల్ వచ్చింది. ఎడమ మడ్‌గార్డు మీద కనిపించే బ్లాకవుట్ డ్రైవింగ్ దీపం (శత్రువు కంట పడకుండా మసకగా వెలిగేది), వెనక ట్రెయిలర్ సాకెట్ వంటివి తొలి బండ్లలో లేవు, ఉత్పత్తి సాగుతుండగా చేర్చినవి. గ్లవ్ బాక్సు మూత మీది ప్లేటులోని తేదీని, ఛాసిస్ సంఖ్యను సరిచూసుకున్నాకే కొనవలసిన వస్తువుల జాబితా రాసుకోవడం మంచిది. లేకపోతే 1942 తొలి నెలల బండికి 1944 నాటి అలంకారం చేసినట్టవుతుంది. ఫోర్డ్ బండి అయితే చాలా భాగాల మీద, చివరికి కొన్ని బోల్టుల తలల మీద కూడా, ఎఫ్ అక్షరం అచ్చువేసి ఉంటుంది కనుక వాటిని పాత ఇనుములో కలిపేయకుండా జాగ్రత్త చేయాలి. వైరింగు పటానికి 1944లో అమెరికా యుద్ధ శాఖ వెలువరించిన టీఎం 9-803 అనే మాన్యువల్‌ను దగ్గర పెట్టుకుంటే మెకానిక్కుల నోటిమాటల మీద ఆధారపడవలసిన అవసరం తప్పుతుంది.

ఇక అసలు విషయం, ఎర్తింగు. ఆ కాలపు సీల్డ్ బీమ్ హెడ్‌లైటు 45 వాట్లది అనుకుంటే, 6 వోల్టుల మీద అది 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది; అదే 12 వోల్టుల మీద అయితే 3.75 ఆంపియర్లు చాలు. దీపానికీ బాడీకీ మధ్య జాయింటులో 0.1 ఓము నిరోధం ఉందనుకోండి. 6 వోల్టుల బండిలో అక్కడే 0.75 వోల్టు, అంటే మొత్తంలో ఎనిమిదో వంతు పోతుంది. 12 వోల్టుల బండిలో పోయేది ముప్పై రెండో వంతే. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీ కంటే చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి ఆ ఎనిమిదో వంతు నష్టానికి సుమారు మూడో వంతు వెలుగు తగ్గిపోతుంది. ‘ఆరు వోల్టుల లైట్లు గుడ్డివి’ అని షెడ్లలో వినిపించే మాటకు కారణం బల్బు కాదు, జాయింటు.

ఆ జాయింటును పాడుచేసేది చాలా సందర్భాల్లో తుప్పు కూడా కాదు, మనం ఎంతో మోజుతో కొట్టించిన కొత్త పెయింటు. ప్రైమరు, పుట్టీ, ఆలివ్ గ్రీన్ రంగు ఒకదాని మీద ఒకటి పడిన రేకు మీద దీపం బ్రాకెట్‌ను ఎంత గట్టిగా బిగించినా, దాని ఎర్తు బోల్టు మర గుండానే అరకొరగా దొరుకుతుంది. కాబట్టి ప్రతి దీపం, హారను, కటౌట్ (ఛార్జింగును అదుపుచేసే రెగ్యులేటరు) కూర్చునే చోట నాణెమంత మేర రంగును ఇనుము మెరిసేదాకా గీకి, పలుచగా పెట్రోలియం జెల్లీ పూసి, పళ్లున్న వాషరు వేసి బిగించాలి. బిగించాక బయట కనిపించే అంచుకు మాత్రమే రంగు తాకించవచ్చు. ఇంజను రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది కనుక ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య అల్లిక రాగి పట్టీ తప్పనిసరి; అది లేకపోతే సెల్ఫ్ మోటారు లాగే కరెంటు యాక్సిలరేటర్ లింకుల గుండా దారి వెతుక్కుంటుంది. బ్యాటరీ కేబుళ్లు కూడా 12 వోల్టుల కార్లకు అమ్మే సన్నవి పనికిరావు. సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది కాబట్టి కనీసం 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వాడి, లగ్గులను టంకం వేయించడమో యంత్రంతో గట్టిగా నొక్కించడమో చేయాలి. పాత బ్రిటిష్ కార్ల మీద చేయి తిరిగిన కొందరు మెకానిక్కులు అలవాటుకొద్దీ పాజిటివ్‌ను బాడీకి కలిపేస్తారు. జీపుకు నెగటివే ఎర్తు అన్న సంగతి బ్యాటరీ పెట్టె మీద చీటీ అంటించి మరీ గుర్తుచేయాలి.

వైరింగు హార్నెస్ (బండి వైర్లన్నీ కలిపి కట్టిన కట్ట) విషయంలో పాతదాన్ని తీసేముందు ప్రతి కొసకూ చీటీ కట్టి, క్లిప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటోలు తీసుకోవాలి. ఆనాటి వైర్లకు పైన నూలు అల్లిక, ఆ అల్లికలో గుర్తు కోసం వేరే రంగు పోగు ఉండేవి. ఇప్పుడు దొరికే మంచి నకళ్లలో లోపల ప్లాస్టిక్ తొడుగు, పైన నూలు అల్లిక ఉంటాయి. చూపుకు పాతవే, భద్రతలో కొత్తవి. నా ఉద్దేశంలో ఈ ఒక్క వస్తువు మాత్రం అసలుది దొరికినా వాడకూడదు, ఎందుకంటే ఎనభై ఏళ్ల రబ్బరు వంచగానే పొడిపొడిగా రాలిపోతుంది. హార్నెస్‌ను మొదట వదులుగా పరిచి, ఫైర్‌వాల్ (ఇంజనుకూ డ్రైవరుకూ మధ్య రేకు) రంధ్రాల్లో వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్లు వేశాకే క్లిప్పులు బిగించాలి.

మెయిన్ లైటు స్విచ్చును డ్యాష్‌బోర్డులో పెట్టేముందు బల్ల మీదే పరీక్షించడం మేలు, ఒకసారి బిగించాక దాని వెనక చేయి పట్టదు. నాబ్‌ను మొదటి మెట్టుదాకా లాగితే బ్లాకవుట్ దీపాలు మాత్రమే వెలగాలి. పక్కనున్న లాకు బటను నొక్కితే తప్ప నాబ్ అంతకు మించి బయటికి రాకూడదు. శత్రువు దృష్టిలో పడే చోట సిపాయి పొరపాటున హెడ్‌లైట్లు వేయకుండా చేసిన ఏర్పాటు అది. బటను నొక్కి రెండో మెట్టుకు లాగితే మామూలు లైట్లు, ఇంకా లాగితే పగటి ప్రయాణానికి బ్రేకు లైటు మాత్రమే పనిచేస్తాయి. టెస్ట్ ల్యాంపుతో ఒక్కో టెర్మినల్‌ను ఒక్కో మెట్టులో చూసి, ఫలితాన్ని కాగితం మీద రాసుకుని పటంతో సరిపోల్చండి. లాకు బటను స్ప్రింగు అరిగిన స్విచ్చులు చాలా వస్తాయి. అవి తెరిచి బాగుచేయదగ్గవే.

వెనక దీపాల్లో కుడి ఎడమలు తారుమారు చేయడం తరచుగా కనిపించే పొరపాటు, కారణం డబ్బాలు రెండూ చూపుకు ఒకటే. ఎడమ డబ్బాలో పైన మామూలు టెయిల్ లైటు, బ్రేకు లైటు, కింద బ్లాకవుట్ టెయిల్ దీపం ఉంటాయి. కుడి డబ్బాలో పైన బ్లాకవుట్ బ్రేకు దీపం, కింద బ్లాకవుట్ టెయిల్ దీపం ఉంటాయి. అంటే మామూలు బ్రేకు లైటు బండి మొత్తానికి ఎడమ వైపు ఒక్కటే. బ్లాకవుట్ టెయిల్ దీపం అద్దం సరైనదో కాదో తెలుసుకోవడానికి చీకటిపడ్డాక వెనక్కి నడుస్తూ చూడాలి: 60 అడుగుల లోపల చిన్న ఎర్ర మచ్చలు విడివిడిగా నాలుగు, 60 నుంచి 180 అడుగుల మధ్య జంటలు కలిసిపోయి రెండు, అంతకు మించిన దూరంలో ఒక్కటే కనిపించేలా వాటిని రూపొందించారు. కాన్వాయ్‌లో వెనక బండి డ్రైవరు తన దూరాన్ని దీన్నిబట్టే అంచనా వేసుకునేవాడు. చవక నకళ్లలో ఈ కిటికీల మధ్య దూరం తేడాగా ఉంటే ఈ పరీక్షలో తేలిపోతుంది. హెడ్‌లైట్లు మాత్రం వెనక్కి తిరిగి ఇంజను మీద వెలుగు పడేలా మడతబందుల మీద ఉంటాయి కనుక వాటి వైరుకు ఆ తిరుగుడుకు సరిపడా వదులు ఉంచాలి. హారను గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు, ఎర్తు దొరికితే మోగుతుంది.

డైనమోను తెరిచినప్పుడు కార్బన్లు, బేరింగులతో పాటు కమ్యుటేటర్‌ను (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల వలయాన్ని) చూడాలి. దాన్ని నునుపు చేయడానికి సన్నని గ్లాసు పేపరు వాడాలి తప్ప ఎమరీ గుడ్డ వాడకూడదు. ఎమరీ రేణువులు రాగిలో ఇరుక్కుని కార్బన్లను తినేస్తాయి. పట్టీల మధ్య అభ్రకం పైకి తేలి ఉంటే వైండింగు షాపులో కిందికి కోయించాలి. బిగించేముందు డైనమో బాడీని బ్యాటరీ నెగటివ్‌కు కలిపి, ఫీల్డు టెర్మినల్‌ను బాడీకి తాకించి, ఆర్మేచర్ టెర్మినల్‌కు పాజిటివ్ ఇస్తే అది మోటారులా నిదానంగా, ఒకే తీరుగా తిరగాలి. తడబడితే లోపం లోపలే ఉన్నట్టు.

కటౌట్ అని మనవాళ్లు పిలిచే రెగ్యులేటరులో నిజానికి మూడు రిలేలు ఉంటాయి: ఒకటి డైనమో ఆగినప్పుడు బ్యాటరీని విడదీసేది, రెండోది వోల్టేజీని, మూడోది కరెంటును అదుపుచేసేది. దీని పాదానికి రంగు లేని ఎర్తు దొరక్కపోతే ఛార్జింగు నిలకడగా ఉండదు. వేలకు వేలు పోసి రెగ్యులేటరు మార్చేముందు ఆ పాదాన్ని గీకి చూడండి. అన్నీ కలిపాక, ఇంజను స్టార్టు చేయకముందే, రెగ్యులేటరు మీది బ్యాటరీ టెర్మినల్‌ను ఆర్మేచర్ టెర్మినల్‌తో చిన్న వైరు ముక్కతో ఒక్క క్షణం తాకించాలి. చిన్న నిప్పురవ్వ వస్తుంది; దానితో డైనమో ధ్రువం సరిపడుతుంది. ఈ పద్ధతి జీపులోని ఆటోలైట్ డైనమోకు వర్తిస్తుంది, అన్ని డైనమోలకూ కాదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి ‘ఛార్జింగు ఉందా లేదా’ చూసే షెడ్డు అలవాటును మీ బండి దగ్గరికి రానీయకండి, బల్బులు ఒక్కసారిగా కాలిపోతాయి.

బానెట్ మీది సైనిక సంఖ్య చివర ఎస్ అక్షరం ఉన్న బండి అయితే, రేడియోకు అడ్డు రాకుండా ప్లగ్గుల నుంచి వచ్చే రొదను అణచే ఫిల్టర్లు, అల్లిక పట్టీలు కూడా అమర్చాలి. పాత ఫిల్టరు డబ్బాల్లోని కాగితపు కండెన్సర్లు లోపల లీకయి ఉండే అవకాశం ఎక్కువ. ఇగ్నిషన్ లైనులో ఉన్నది షార్టయితే బండి దారిలో ఆగిపోతుంది కనుక, డబ్బాను అలాగే ఉంచి లోపల కొత్త కండెన్సరు పెట్టించడం తెలివైన పని.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ ఛాసిస్‌కూ మధ్య నేరుగా కేబుల్ వేయకుండా, పాత స్కూటర్లలో వాడిన 6 వోల్టుల బ్రేకు లైటు బల్బును పెట్టండి. స్విచ్చులన్నీ ఆపి ఉండగా ఆ బల్బు పూర్తిగా వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్టు. అది ఆరేదాకా కేబుల్ బిగించవద్దు. ఆ తర్వాత లైట్లు వేసినప్పుడు ఆమ్మీటరు ముల్లు డిశ్చార్జి వైపు కదలాలి. ఛార్జి వైపు కదిలితే దాని వెనక రెండు వైర్లను అటూఇటూ మారిస్తే సరిపోతుంది.

ఈ జీపుకు తయారీలో ఇండికేటర్లు లేవు. మన రోడ్ల మీద చేతి సైగలను ఎవరూ పట్టించుకోరు కనుక ఇండికేటర్లు పెట్టుకోవడంలో తప్పు లేదు. అయితే వాటి వైరును అసలు హార్నెస్‌లో అతకకుండా బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడిగా తెచ్చి, దీపాలను రంధ్రాలు చేయకుండా అయస్కాంతపు పాదాల మీద నిలిపితే, ప్రదర్శన రోజున పది నిమిషాల్లో తీసి పక్కన పెట్టవచ్చు.