కంట్రోలర్‌తో గురి కుదరాలంటే ఎడమ బొటనవేలి నుంచి మొదలుపెట్టండి

కన్సోల్‌పై షూటింగ్ గేములు ఆడేవారిలో చాలామంది గురి తప్పినప్పుడల్లా గురిని తిప్పే కుడి స్టిక్‌నే తప్పుపట్టి, సెన్సిటివిటీని (స్టిక్ కదిపితే గురి ఎంత వేగంగా తిరగాలన్న సెట్టింగును) పెంచుతూ తగ్గిస్తూ కాలం గడుపుతారు. నిజానికి శత్రువు కంటబడే క్షణానికి క్రాస్‌హెయిర్ (తెర మధ్యలోని గురి గుర్తు) ఎక్కడ ఉందన్న దానిమీదే ఫలితం చాలావరకు ఆధారపడి ఉంటుంది. మౌస్ వాడేవారు చేతినంతా కదిపి గురి చూడగలరు. కంట్రోలర్ పట్టినవారికి దొరికే కదలిక బొటనవేలి వెడల్పంత కూడా ఉండదు. అందువల్ల కుడి స్టిక్‌కు వీలైనంత తక్కువ పని మిగిల్చేలా ఆడటం నేర్చుకోవాలి.

ముందుగా టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసుకోండి. అది లేకపోతే టీవీ బొమ్మను మెరుగుపరిచే పనిలో పడి ఆలస్యంగా చూపిస్తుంది, మీ వేలు ఎంత చురుకైనదైనా ప్రయోజనం ఉండదు. సెకనుకు 60 ఫ్రేముల్లో (తెరపై మారే దృశ్యాల్లో) ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 120 ఫ్రేముల్లో 8.3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, టీవీ, గేమ్ రెండూ 120కి అనుకూలిస్తే దానినే ఎంచుకోవడం మంచిది.

తరువాత డెడ్‌జోన్ చూడాలి. స్టిక్‌ను కొంతదూరం వరకు కదిపినా గేమ్ పట్టించుకోని భాగమే డెడ్‌జోన్. కాల్ ఆఫ్ డ్యూటీ గేములో కుడి స్టిక్ కనిష్ఠ డెడ్‌జోన్‌ను బాగా తగ్గించి, స్టిక్‌పై నుంచి వేలు తీసేసి తెరను గమనించండి. దృశ్యం దానంతటదే మెల్లగా జరుగుతుంటే, ఆ జరగడం ఆగేంతవరకు మాత్రమే విలువను ఒక్కో అంకె చొప్పున పెంచండి. డెడ్‌జోన్ అవసరానికి మించి పెద్దదైతే చిన్న సవరణలు గేముకు చేరనే చేరవు.

సెన్సిటివిటీ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: పేరున్న ఆటగాళ్ల అంకెలను కాపీ కొట్టవద్దు. కాస్త దూరంలో నడుస్తున్న మనిషిని స్కోప్‌లోంచి తడబాటు లేకుండా వెంబడించగలిగే అత్యధిక విలువే మీకు సరైనది. ఏపెక్స్ లెజెండ్స్ గేములో రెస్పాన్స్ కర్వ్ (స్టిక్ వంపుకు తగ్గట్టు గురి వేగం ఎలా పెరగాలన్నది) కూడా మార్చుకోవచ్చు. క్లాసిక్‌లో స్టిక్‌ను కొద్దిగా వంచినప్పుడు కదలిక నెమ్మదిగా ఉంటుంది. లీనియర్‌లో ఎంత వంచితే అంత కదులుతుంది కాబట్టి వేలికి నేర్పు ఎక్కువ కావాలి. ఏది ఎంచుకున్నా కొన్ని వారాలపాటు దాన్ని మార్చకుండా ఆడితేనే వేలికి అలవాటవుతుంది.

ఇక అసలు విషయం. పరుగెత్తేటప్పుడు చాలామంది క్రాస్‌హెయిర్ నేలను చూస్తూ ఉంటుంది. గోడ మూల తిరగగానే శత్రువు ఎదురైతే, వేలు స్టిక్‌ను పైకీ పక్కకూ ఒకేసారి నెట్టవలసి వస్తుంది, ఆ తొందరలో గురి తలను దాటిపోయి మళ్లీ వెనక్కి రావాలి. అదే క్రాస్‌హెయిర్‌ను ఎప్పుడూ తల ఎత్తులో ఉంచి, మూల అంచుకు కాస్త అవతల, మనిషి బయటపడే చోట నిలిపి ఉంచితే నిలువు సవరణ దాదాపు అవసరమే ఉండదు. మెట్లెక్కేటప్పుడు ఆ ఎత్తు మారుతుందన్న సంగతి మరవకండి.

మిగిలిన పక్క సవరణలో కూడా ఎక్కువ భాగం మీ పాత్రను నడిపించే ఎడమ స్టిక్‌తోనే చేయవచ్చు. దగ్గరి పోరులో శత్రువు మీ ఎడమకు జరిగితే మీరూ ఎడమకు అడుగు వేయండి. తెరపై అతని కదలిక తగ్గిపోయి క్రాస్‌హెయిర్ అతనిమీదే నిలుస్తుంది. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఎయిమ్ అసిస్ట్ (గురికి గేమ్ చేసే సాయం) సాధారణంగా రెండు పనులు చేస్తుంది: గురి శత్రువు మీదికి వచ్చినప్పుడు దాని వేగాన్ని తగ్గిస్తుంది, అతను కదిలితే దృశ్యాన్ని కొంత అతని వెంట తిప్పుతుంది. కాల్ ఆఫ్ డ్యూటీ గేములు చాలావాటిలో ఈ రెండో సాయం మీరు కదులుతున్నప్పుడే బాగా అందుతుంది కనుక, కాల్చేటప్పుడు కదలకుండా నిలబడిపోవడం రెండు విధాలా నష్టం.

సాధనకు ఏపెక్స్‌లోని ఫైరింగ్ రేంజ్ చక్కని చోటు. అక్కడి బొమ్మలు పక్కలకు కదిలేలా సెట్ చేసి, మొదట కాల్చకుండా ఎడమ స్టిక్‌తో మాత్రమే వెంబడించండి. అది కుదిరాకే ట్రిగర్ నొక్కుతూ, తుపాకీ పైకి లేచే కొద్దీ కుడి స్టిక్‌ను మెల్లగా కిందికి లాగడం అభ్యసించండి. బొటనవేలు బిగుసుకుపోతున్నట్లు అనిపిస్తే ఆపేయండి, ఎందుకంటే బిగిసిన వేలు చిన్న కదలికలు చేయలేదు.

మ్యాచ్‌లో చనిపోయిన ఘట్టాలను రికార్డు చేసుకుని, శత్రువు మొదటిసారి కనబడిన ఫ్రేము దగ్గర వీడియోను ఆపి చూడండి. అప్పటికే క్రాస్‌హెయిర్ తల ఎత్తులో, అతనికి చేరువలో ఉంటే లోపం వెంబడించడంలోనో రికాయిల్‌ను (కాల్చేటప్పుడు తుపాకీ పైకి లేవడాన్ని) అదుపు చేయడంలోనో ఉన్నట్లు. నేలమీదో గోడమీదో ఉంటే, సెట్టింగుల జోలికి వెళ్లకుండా మరుసటి మ్యాచ్‌లో ప్రతి మూలనూ నెమ్మదిగా తిరగండి.