టీకొట్టు పెడతారా? ముందు నా చిట్టా చూడండి

గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళే దారిలో మాది చిన్న టీకొట్టు. పెట్టి ఆరేళ్ళయింది. మొదట్లో రాత్రి గల్లాపెట్టె బోర్లించి, 3,800 వచ్చాయని మా ఆయనా నేనూ తెగ మురిసిపోయేవాళ్ళం. మూడో నెల అద్దెకు మా చెల్లి దగ్గర చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. చిట్టా పుస్తకం కొన్నది ఆ మర్నాడే.

ముందు ఒక్క లీటరు పాలతో లెక్క కట్టండి. మాకు చిక్కటి పాలు లీటరు 70 పడతాయి. అందులో 600 మిల్లీలీటర్ల నీళ్ళు, 40 గ్రాముల టీ డస్టు (16 రూపాయలు), 150 గ్రాముల పంచదార (7), అల్లం, యాలకులు కలిపి 3, గ్యాసు 8. మొత్తం 104. మరిగి, వడకట్టాక 70 మిల్లీలీటర్ల చొప్పున 20 కప్పులు వస్తాయి. కప్పుకు 5.20, పేపర్ కప్పు 60 పైసలు. టీ పది రూపాయలు కాబట్టి మిగిలేది 4.20. మీ ఊళ్ళో ధరలు వేరు, మీ గిన్నె వేరు. మీ పొయ్యి మీదే కాచి కొలుచుకోండి.

మేము ఎక్కువ పోగొట్టుకున్నది పోసే చేతి దగ్గర. 70 పోయాల్సింది 80 పోస్తే 20 కప్పులు కాస్తా 17 అవుతాయి. మాకు రోజుకు 15 లీటర్ల పాలు కావాలి. లీటరుకు మూడు చొప్పున 45 కప్పులు, అంటే 450 రూపాయలు! పనికి పెట్టుకున్న మనిషి మంచివాడైతే ఈ నష్టం ఇంకా ఎక్కువ. తెలిసినవాళ్ళు కనిపిస్తే అతని చెయ్యి ఆగదు. అందుకే కొలత గరిటె తెచ్చి పెట్టాను. అలాగని నీళ్ళు పెంచకండి. టీ పల్చబడితే యార్డు హమాలీలు మొహం మీదే అడిగేస్తారు, మర్నాడు పక్క కొట్టు దగ్గర నిలబడతారు.

ఇక రోజు లెక్క. 300 టీలకు 1,260 మిగులుతుంది. అద్దె నెలకు 6,000. శని, ఆదివారాలు యార్డు ఉండదు, మాకు బేరం జరిగేది 22 రోజులే. కాబట్టి రోజుకు 270 అద్దె కిందే పోతుంది. అంటే తెల్లవారి మొదటి 64 కప్పులు కొట్టు యజమానివి! పనిమనిషికి 400, కరెంటు, నీళ్ళకు 40, విరిగిన పాలు, ఒలికిన టీ కింద 70. టీ మీద మిగిలింది 480. రోజుకు 40 కాఫీలు పోతాయి. కప్పు 20కి అమ్ముతాం, ఆరు మిగులుతుంది, అది 240. బన్నులు, బిస్కెట్ల మీద ఇంకో 200. అన్నీ కలిపి 920, నెలకు 20 వేల పైచిలుకు. తెల్లవారుజామున నాలుగింటికి లేచే ఇద్దరి కష్టం అది. ఒక్కొక్కరికి పదివేలు వేసుకుంటే లాభమని చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు. ‘టీలో సగానికి సగం మిగులు’ అని చెప్పేవాళ్ళు తమ జీతం లెక్కలో వేయరు.

అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు రోజులు ఆ చోట కూర్చుని, పక్క కొట్టులో ఎన్ని కప్పులు పోతున్నాయో లెక్కపెట్టండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అద్దెకే వంద కప్పులు పోయేలా ఉంటే ఆ చోటు వదిలేయండి.

కాగితాల పని పెద్దది కాదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్‌కు నేను ఏడాదికి 100 కట్టాను. ఇంటి సిలిండరు మాత్రం కొట్లో వాడకండి, 19 కిలోల కమర్షియల్‌దే తెచ్చుకోండి.

అరువు సంగతి. యార్డు దగ్గర గుమస్తాలు ఖాతా పెట్టమంటారు, పెట్టకపోతే బేరం పోతుంది. ఒక కమీషన్ కొట్టు 2,700 బాకీ పెట్టి ఖాళీ చేసి వెళ్ళింది. టీకి 4.20 చొప్పున అది తిరిగి సంపాదించాలంటే 640 టీలు పైనే పోయాలి. ఇప్పుడు వారానికొకసారి, శుక్రవారం సాయంత్రం వసూలు. ఒక వారం ఇవ్వకపోతే సోమవారం నుంచి చేతికి డబ్బిస్తేనే టీ. ఫోన్‌పేలో పడేది సాయంత్రం చిట్టాలో విడిగా రాసుకోండి, లేకపోతే ఇంటి ఖర్చులో ఎప్పుడు కలిసిపోయిందో తెలీదు.

ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు. అద్దెకు సెలవు లేదు. మిర్చి టిక్కీలు (బస్తాలు) దండిగా దిగే ఫిబ్రవరి, మార్చిల్లో రోజుకు వంద చొప్పున పోస్టాఫీసులో వేస్తాను, ఆ సెలవుల నెల అద్దెలో ఎక్కువ భాగం అందులోంచే కడతాను.

సాయంత్రం ఐదు దాటాక కొత్త పాల ప్యాకెట్టు కత్తిరించను. ఆ వేళప్పుడు ఎవరైనా వస్తే, ‘అయిపోయింది బాబూ’ అని పక్క కొట్టు చూపిస్తాను.