బంతి లేకుండానే గోల్ పడుతోందా? సెన్సార్ మార్చే ముందు ఇది చదవండి

టేబుల్ ఫుట్‌బాల్ గోల్ డిటెక్టర్ పనిచేయడం లేదని ఎవరు తెచ్చినా నేను ముందు తీసేది ఫోన్. ఈ డిటెక్టర్‌లో గోల్‌కు ఒక పక్క ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) ఎల్‌ఈడీ, ఎదురుగా రిసీవర్ ఉంటాయి; మధ్యలోని కిరణానికి బంతి అడ్డొస్తే గోల్. ఆ ఎల్‌ఈడీ వెలుగు కంటికి కనబడదు, ఫోన్ సెల్ఫీ కెమెరాలో మాత్రం సాధారణంగా లేత ఊదాగా కనబడుతుంది. అక్కడా కనబడకపోతే ఎల్‌ఈడీ కాళ్లు తారుమారయ్యాయో, జంపర్ వైరు ఊడిందో చూడండి. ఎల్‌ఈడీని ట్రాన్సిస్టర్‌తో వేరే బ్యాటరీ మీద నడుపుతుంటే, ఆ బ్యాటరీ గ్రౌండ్‌నూ ఆర్డుయినో (కోడ్ నడిపే బోర్డు) గ్రౌండ్‌నూ కలపాలి. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి ప్రాజెక్టు రివ్యూ ముందురోజు రాత్రంతా కోడ్ తిరగరాయకండి.

సమస్య: ఆన్ చేయగానే బాగుంటుంది, కాసేపటికి బంతి లేకపోయినా గోల్ అంటుంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. చేయి అడ్డం పెట్టి కాసేపాగి తీస్తే మళ్లీ పనిచేస్తుంది. ఎల్‌ఈడీని దగ్గరికి జరిపితే చక్కగా ఉంటుంది. దాంతో లూజ్ కనెక్షన్ అనుకుంటారు, సెన్సార్ మారుస్తారు, కొత్తదీ అలాగే చేస్తుంది.

కారణం: టీఎస్ఓపీ 1738 టీవీ రిమోట్ల కోసం చేసిన రిసీవర్. రిమోట్ 38 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని ఆపి ఆపి పంపుతుంది. మీరేమో ఆర్డుయినో టోన్ ఫంక్షన్‌తోనో 555 టైమర్ చిప్‌తోనో ఆపకుండా పంపుతున్నారు. ఆగకుండా వచ్చేదాన్ని ఈ రిసీవర్ ట్యూబ్‌లైట్ల నుంచి వచ్చే నాయిస్‌గా లెక్కగట్టి తన గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) తగ్గించేసుకుంటుంది. కిరణం ఎదురుగానే ఉన్నా అవుట్‌పుట్ 'ఏమీ లేదు' అంటుంది. కోడ్ దాన్ని బంతి అనుకుంటుంది.

పరిష్కారం: విడతలుగా పంపండి. అర మిల్లీసెకను ఆన్ (సుమారు 20 సైకిళ్లు), ఒకటిన్నర మిల్లీసెకను ఆఫ్. 555 వాడితే దాని 4వ కాలును, అంటే రీసెట్‌ను, ఆర్డుయినోతో ఆన్ ఆఫ్ చేస్తే చాలు. ఇప్పుడు ప్రతి 2 మిల్లీసెకన్లకు ఒక పల్స్ రావాలి. వరుసగా రెండు రాకపోతే బంతి అడ్డొచ్చినట్టు. 35 మిల్లీమీటర్ల బంతి సెకనుకు 5 మీటర్ల వేగంతో కిరణం మధ్యగా దాటడానికి 7 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. కోడ్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే, గెయిన్ మారని టీఎస్ఎస్పీ 4038 కొనండి. కిరణం తెగిందా లేదా చూడ్డానికే చేసిన రిసీవర్ అది.

సమస్య: బంతి దాటినా గోల్ పడదు

ఈ రిసీవర్ చాలా సున్నితం. గోల్ పెట్టె గోడల మీద పడి తిరిగొచ్చిన వెలుగును కూడా పట్టేస్తుంది. ఎల్‌ఈడీకీ రిసీవర్‌కీ నల్ల గొట్టం తొడగండి, ఎల్‌ఈడీ రెసిస్టర్ విలువ పెంచండి. అప్పటికీ పడకపోతే కోడ్‌లో డిలేలు (బోర్డును ఆపి ఉంచే ఆదేశాలు) తీసేయండి. బజర్ మోగుతున్నంతసేపూ మీ బోర్డు దేన్నీ చూడదు. అల్ట్రాసోనిక్ సెన్సార్ పెట్టినవాళ్లకు ఒకటే మాట: హెచ్‌సీ-ఎస్ఆర్04కు రెండు కొలతల మధ్య 60 మిల్లీసెకన్లు ఇవ్వాలి. ఆలోపు ఆ బంతి 30 సెంటీమీటర్లు వెళ్లిపోతుంది.

సమస్య: ఒకే గోల్ రెండుసార్లు పడుతుంది

బంతి వెనక్కి తుళ్లి మళ్లీ కిరణాన్ని కోస్తోంది. గోల్ పడ్డాక ఒక సెకను పాటు లెక్క ఆపండి.

సెన్సార్ నిజంగా చెడిపోవడం అరుదు. మార్చాల్సే వస్తే కాళ్ల వరుస చూసుకోండి: 1738కి గ్రౌండ్, సప్లై, అవుట్‌పుట్, అదే రకం రిసీవర్ టీఎస్ఓపీ 38238కి అవుట్‌పుట్, గ్రౌండ్, సప్లై.