ల్యాబ్ కోసం వయోస్ రౌటర్ ఇమేజ్‌ని ఒక్కసారే రెడీ చేసి పెట్టుకోవడం ఎలా?

ఈవ్-ఎన్‌జీలో (కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ ల్యాబ్‌లు కట్టుకునే సాఫ్ట్‌వేర్) కొత్త వయోస్ (లైనక్స్ మీద నడిచే రౌటర్ ఓఎస్) రౌటర్ పెట్టిన ప్రతిసారీ టైమ్‌జోన్ మార్చు, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) ఆన్ చెయ్యి, యూజర్‌ని పెట్టు... ఆరు రౌటర్లుంటే ఆరుసార్లు ఇదే గోల, అసలు నేర్చుకోవాల్సిన ఓఎస్‌పీఎఫ్ (రౌటింగ్ ప్రోటోకాల్) దాకా వెళ్ళేసరికి ఓపిక అయిపోతుంది. ఈ మార్పులన్నీ డిస్క్ ఇమేజ్‌లోనే ఒకసారి పెట్టేస్తే పోతుంది కదా.

ముందు ఒకటి తెలియాలి. నోడ్ (ల్యాబ్‌లో పెట్టిన ఒక్కో రౌటర్) స్టార్ట్ చేస్తే ఈవ్ అసలు ఇమేజ్‌ని ముట్టుకోదు, దాని పైన ఇంకో క్యూకౌ2 ఫైల్ (వర్చువల్ డిస్క్ ఫైల్) పరిచి, తేడాలు మాత్రం అందులో రాస్తుంది. అందుకే అడుగున ఉన్నదాన్ని కదిపితే దాని మీద నడిచే పాత ల్యాబ్‌ల నోడ్లన్నీ పాడైపోతాయి.

1. కాబట్టి మొదట కాపీ. ఆప్ట్, అన్‌నెట్‌ల్యాబ్, యాడాన్స్, క్యూఎము అనే ఫోల్డర్లలోకి వరుసగా వెళ్ళి, అక్కడున్న వయోస్ ఫోల్డర్‌ని కొత్త పేరుతో కాపీ చేయండి. పేరు మొదట్లో "వయోస్-" ఉండాలి, లోపలి డిస్క్ ఫైల్ పేరు మార్చకూడదు, లేకపోతే కొత్త ఇమేజ్ పనిచేయదు.

2. కొత్త ల్యాబ్‌లో ఈ ఇమేజ్‌తో ఒకే ఒక్క నోడ్ పెట్టి ఆన్ చేయండి. యూజర్, పాస్‌వర్డ్ రెండూ వయోస్ అనే. టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా, ఎస్ఎస్‌హెచ్, మీకేం కావాలో అవి పెట్టుకోండి.

3. చాలామంది మర్చిపోయేది ఇదే. ప్రతి ఈథర్నెట్ కింద హెచ్‌డబ్ల్యూ-ఐడీ అని ఒక లైన్ ఉంటుంది, అందులో ఆ నోడ్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్) దాక్కుని ఉంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే రేపు కొత్త నోడ్‌లో మ్యాక్ వేరు కాబట్టి ఈత్0 (మొదటి ఈథర్నెట్ పోర్ట్) కనబడకుండా పోయి ఈత్4 నుంచి మొదలైనా మొదలవుతుంది, మీరేమో కేబుల్ తప్పేమో అని తల పట్టుకుంటారు. ఆ లైన్లన్నీ డిలీట్ చేసి, కమిట్, సేవ్, వెంటనే పవర్ ఆఫ్. రీబూట్ మాత్రం వద్దు, బూట్ అవుతూనే మళ్ళీ రాసేసుకుంటుంది.

4. ఇప్పుడు ఈవ్ షెల్‌లో రూట్‌గా, అన్‌నెట్‌ల్యాబ్ కిందే ఉన్న టెంప్ (tmp) ఫోల్డర్‌లో మీ యూజర్ పాడ్ నంబర్ (సాధారణంగా 0), దాని లోపల మీ ల్యాబ్ ఐడీ, దాని లోపల నోడ్ నంబర్ వెతుక్కుని వెళ్ళండి. ల్యాబ్ ఐడీ ల్యాబ్ డీటెయిల్స్‌లో కనిపిస్తుంది. అక్కడి డిస్క్ ఫైల్ మీద క్యూఎము-ఇమేజ్ టూల్‌తో కమిట్ కొట్టండి. ఇది ఇందాకటి రౌటర్ కమిట్ కాదు, పైఫైల్‌లో ఉన్నదంతా అడుగు ఇమేజ్‌లోకి దింపేది.

5. తర్వాత ఈవ్‌లోని అన్‌ఎల్ ర్యాపర్ అనే టూల్‌తో ఫిక్స్ పర్మిషన్స్ (ఫైళ్ళ అనుమతులు సరిచేసేది) రన్ చేయండి.

టెస్ట్‌కి కొత్త ఇమేజ్‌తో రెండు నోడ్లు వేసి చూడండి, రెండిట్లోనూ ఈత్0 నుంచే వస్తే పని అయినట్టే. రెండిటి ఎస్ఎస్‌హెచ్ కీ ఒకటే ఉంటుంది, ల్యాబ్‌కి పర్లేదు, నిజం నెట్‌వర్క్‌లో మాత్రం ఈ ఇమేజ్ పెట్టకండి.